అడిగితేనే మాట

మా ఆవిడ లాయరు కాదు. ఈ మాట నేనన్నది కాదు, ఆవిడే అందరికీ చెప్పేది. ఫోనెత్తి హలో అన్నాక రెండో మాట అదే: "నేను లాయర్ని కానండీ, ముందే చెబుతున్నా." మరైతే మీరెవరండీ అని అవతలివాళ్ళు అడుగుతారు కదా, అప్పుడు "లీగల్ టెక్నీషియన్ని" అనేది. టెక్నీషియన్ అనేసరికి రెడ్‌మండ్‌లో సగం మంది తెలుగువాళ్ళు ఏసీలు బాగుచేసే మనిషనుకున్నారు. ఒకాయన నిజంగానే ఫోన్ చేసి, "మా హీట్ పంపు ఒకటే గోల పెడుతోందండీ, వచ్చి చూస్తారా?" అన్నాడు. నేను నవ్వీ నవ్వీ కుర్చీలోంచి పడబోయాను. జయంతి మాత్రం ఆయనకి ఓపిగ్గా ఇంకో నంబరు వెతికి ఇచ్చింది.

సంగతేమిటంటే, వాషింగ్టన్ రాష్ట్రం ఒకప్పుడు ఒక మంచి ఆలోచన చేసింది. విడాకులు, పిల్లల కస్టడీ, భరణం లాంటి ఇంటి తగాదాల్లో లాయర్ని పెట్టుకునే స్తోమత లేనివాళ్ళు వేలల్లో ఉంటారు. అలాంటివాళ్ళకి, లాయరు కాకపోయినా ఆ చట్టం చదివి, పరీక్షలు రాసి, లాయర్ల దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసి లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళు తక్కువలో సాయం చేయవచ్చంది. తర్వాత ఏం బుద్ధి పుట్టిందో కొత్త లైసెన్సులివ్వడం మానేసింది. ఉన్నవాళ్ళు చేసుకోవచ్చు. అలా మిగిలిన కొద్దిమందిలో మా జయంతి ఒకతి. కాగితాలు రాస్తుంది, దారి చెబుతుంది, కోర్టులో మనిషి పక్క కుర్చీలో కూర్చుంటుంది. కానీ లేచి వాదించకూడదు. జడ్జి తనంతట తాను ఆవిడ వైపు తిరిగి ఏదైనా అడిగితేనే జవాబు చెప్పాలి.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగందే మా ఆవిడ పలకకూడదట. ఈ రూలేదో మనింట్లో కూడా పెడితే బాగుండును" అని నేను వెక్కిరించేవాణ్ణి. పెళ్ళయిన కొత్తలో అయితే గరిటె విసిరేది. ఇప్పుడు కళ్ళద్దాల పైనుంచి ఒక చూపు చూసి ఊరుకునేది.

ఆ వేసవి మొదట్లోనే నా ఉద్యోగం పోయింది. పొద్దున ఒక మీటింగ్, మధ్యాహ్నానికి లాప్‌టాప్ లాక్, అంతే. గ్రీన్‌కార్డు ఎప్పుడో వచ్చింది కాబట్టి దేశం వదిలి పొమ్మనేవాడు లేడు. ఇల్లు వదిలి పొమ్మనేది మాత్రం మా ఆవిడే. డైనింగ్ టేబులే ఆవిడ ఆఫీసు. క్లయింట్ వస్తే నేను పెరట్లోకో పార్కులోకో తప్పుకోవాలి. వాళ్ళ సంగతులు నా చెవిన పడకూడదట. నాకిప్పుడు తెలిసినవి చాలావరకు కోర్టులో నలుగురి ముందూ చెప్పినవి, దేదీప్య అనే క్లయింటు తనంతట తాను నాతో అన్నవి.

దేదీప్య జూన్ నెలాఖరులో వచ్చింది. ముప్ఫై దాటని పిల్ల. చంకలో కూతురు హాసిని. మూడో ఏడు నడుస్తోంది దానికి. పుట్టిన దగ్గర్నుంచీ కత్తెర తగలని జుట్టేమో, నడినెత్తిన రబ్బరు బ్యాండు వేసి కడితే కొబ్బరిచెట్టులా నాలుగువైపులా విచ్చుకునేది. తల్లి లోపల మాట్లాడుతున్నంతసేపూ పిల్లని ఎవరు పట్టుకోవాలి? ఉద్యోగం సద్యోగం లేని నేనున్నానుగా.

"సే హాయ్ టు అంకుల్" అంది దేదీప్య.

హాసిని నా తలని తేరిపార చూసింది. నా తల మీద నేను గొప్పగా చెప్పుకోవలసిందేమీ మిగల్లేదు. "తాత" అని తీర్మానించింది.

"అయ్యో, సారీ అంకుల్."

"సారీ ఎందుకమ్మా, కళ్ళు బాగానే కనిపిస్తున్నాయి దానికి" అన్నాను. మాకు పిల్లలు లేరు. దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు. కానీ ఆ మాట అని అది నా వేలు పట్టుకుని పెరటి తలుపు వైపు లాక్కుపోతుంటే, చెప్పులు కూడా వేసుకోకుండా వెంట వెళ్ళిపోయాను.

మా పెరటి కంచె అవతల బ్లాక్‌బెర్రీ ముళ్ళపొద ఉంది. జూలై గడిచేకొద్దీ పళ్ళు నల్లబడ్డాయి. హాసినిని ఎత్తుకుని నిలబడితే అది చెయ్యి చాపి కోసేది. "ఇంకోటి బెర్రీ, తాతా. అప్! అప్!" అని నా భుజం మీద చరిచేది. నాకు నడుంనొప్పి ఉందని ఆ నెలంతా నాకే గుర్తులేదు.

దేదీప్యది వరంగల్ వైపు. డేకేర్‌లో సగం పూట ఉద్యోగం, కర్క్‌లాండ్‌లో ఒక గది. మొదట లాయర్ల దగ్గరికే వెళ్ళిందట. "అడ్వాన్స్ ఎంతో చెప్పిన్రు అంకుల్. విని, కార్ల కూసొని ఏడ్చిన" అని ఓ రోజు పిల్లకి చెప్పులు తొడుగుతూ నవ్వుతూ చెప్పింది. భర్త తేజేశ్వర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. గుళ్ళో నేనూ చూశాను, వినయంగా వంగి నమస్కారం పెట్టే కుర్రాడు. కోపమొస్తే మాత్రం పెళ్ళాంతో నెలల తరబడి పలకడట. తల్లీకూతుళ్ళ పాస్‌పోర్టులు తన దగ్గర పెట్టుకుని తాళం వేశాడట. ఒక చలికాలం పూట ఆమెని బయట ఉంచి తలుపు గడియ పెట్టాడట.

"చెయ్యి చేసుకున్నాడా?" అన్నాను, ఉండబట్టలేక.

"లేదంకుల్. కొడితే చెప్పుకునేటందుకన్నా ఉంటుండె."

విడాకులింకా కాలేదు. ముందుగా కోర్టు ఒక తాత్కాలిక ఏర్పాటు చేసింది: పాప తల్లి దగ్గర, శనాదివారాలు తండ్రి దగ్గర. జయంతి రాసిన కాగితాలతోనే అది సాధించింది దేదీప్య. ఆ రోజు మా ఇంట్లో సేమియా పాయసం. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

జూలై చివర్లో తేజేశ్వర్ లాయరు కోర్టులో ఇంకో కాగితం వేశాడు. పాపకి పుట్టువెంట్రుకలు తీయించాలి, వేములవాడ రాజన్నకి మొక్కు ఉంది, వచ్చి ఉన్న నాయనమ్మ ఆగస్టులో తిరిగి వెళుతోంది, ఆమెతో కలిసి పాపని కొన్ని వారాలు ఇండియా తీసుకెళ్ళడానికి తండ్రికి అనుమతి ఇవ్వండి అని. సరి సంవత్సరంలో తీయరాదు కదా. ఆగస్టు దాటితే పాపకి నాలుగో ఏడు వచ్చేస్తుంది.

ఆ రోజు జయంతి నన్ను పెరట్లోకి పొమ్మనడం కూడా మరిచిపోయింది. "దేదీప్యా, ఇది బాగా విను. పాప ఒకసారి విమానం ఎక్కిందంటే ఇక్కడి కోర్టు చెయ్యి అక్కడికి అందదు. పిల్లల్ని వెనక్కి పంపే ఒప్పందంలో ఇండియా లేదు. ఈ ఆర్డరు పట్టుకెళ్ళి అక్కడ చూపిస్తే, మంచిదమ్మా, మళ్ళీ మొదట్నుంచి కేసు వేసుకో అంటారు. అతను తీసుకొస్తే వచ్చినట్టు. తేకపోతే లేనట్టు."

"తెలుసు ఆంటీ."

"మరి వద్దని రాద్దాం."

దేదీప్య టేబుల్ మీద గీత గీస్తున్నట్టు వేలితో రుద్దుతూ కూర్చుంది. "మొక్కు నాది ఆంటీ. వాళ్ళది కాదు. నేను వెంట పోదామంటే టికెట్టుకు పైసల్లేవు. ఏడో నెలలనే పుట్టింది హాసిని. గాజు పెట్టెల పెట్టిన్రు. గుప్పెడంత ఉండె. నేనే మొక్కిన, రాజన్నా, బతికియ్యి, నీ గుడికే తెచ్చి ఎంటికలిస్త అని." వేలు ఆపి, "ఇయ్యకపోతే దానికేమన్న అయితే?" అంది.

నేను దేవుణ్ణి నమ్మేవాణ్ణో కాదో నాకే సరిగ్గా తెలియదు. జయంతి ఊరుకునే మనిషి కాదు. ఇక్కడి గుడి పూజారికి ఫోన్ చేసింది. ఆయన నిక్షేపంగా చేయించవచ్చన్నాడు. ఇక్కడే గుండు చేయించి, ఆ వెంట్రుకలు పసుపుగుడ్డలో మూటకట్టి, తల్లి ఎప్పుడు వెళ్ళగలిగితే అప్పుడు రాజన్న హుండీలో వేస్తే మొక్కు చెల్లినట్టేనట. దేదీప్య మొహం వెలిగింది. ఆ ప్రకారమే జయంతి జవాబు రాసింది: పాప ఇక్కడే ఉండాలి, మొక్కు ఇక్కడే తీరుస్తాం.

అవతలివాళ్ళు ఒప్పుకోలేదు. "రాజన్నకు మొక్కి ఈడ గీయిస్తరా?" అని అత్తగారు ఫోన్లో ఏడ్చిందట.

హియరింగ్‌కి ముందు రోజు జయంతి ఆమెని కూర్చోబెట్టి నేర్పించింది. కోర్టులో తను పక్కనే ఉంటుంది గానీ మాట్లాడలేదు. కమిషనర్, అంటే ఆ చిన్న విచారణలు చేసే జడ్జి, దేదీప్యనే అడుగుతుంది. ఒప్పుకుంటున్నావా అంటే, లేదు అనాలి. ఎందుకంటే ఈ భయం ఉంది అనాలి. అంతే.

"నో, ఐ డోంట్ అగ్రీ" అంది దేదీప్య. మళ్ళీ అంది. ఇంకా గట్టిగా అంది. పెరట్లోంచి హాసిని కూడా "నో డోంట్ అగీ!" అని అరిచింది. అందరం నవ్వాం.

మర్నాడు కోర్టుకి నేనే డ్రైవ్ చేశాను. జయంతికి డౌన్‌టౌన్ పార్కింగ్ అంటే చిరాకు. నాకేమో అక్కడ జరిగేది చూడాలని ఉంది. పైగా హియరింగ్ అందరూ కూర్చుని వినవచ్చు.

హాలు బయట బెంచీ మీద అత్తగారు కూర్చుని ఉంది. చూడగానే మండిపడాలని ఇంటి దగ్గరే సిద్ధమై వచ్చినవాణ్ణి నేను. తీరా చూస్తే ఏముంది? సన్నటి మనిషి, గళ్ళ నేతచీర, పైన కొడుకు చలికోటు, కాళ్ళకి మేజోళ్ళ మీద చెప్పులు. కోడల్ని చూడగానే లేచి ఎదురొచ్చింది. రెండు చేతులతో ఆమె చెంపలు పట్టుకుంది.

"బక్కగైనవ్ బిడ్డా. తిన్నవా ఏమన్న?"

"తిన్న అత్తమ్మా" అంది దేదీప్య. తినలేదు. మా కార్లో ఇచ్చిన ఇడ్లీ ముట్టుకోనేలేదు.

"నేను ఒక్కపొద్దున్న. మొక్కు తీరేదాంక ఒక్కపూటనే. నా పానం పోయినా సరే, పిల్లను తెచ్చి నీ ఒళ్ళె పెడ్త" అంది ఆవిడ. ఆవిడ కపటం ఆడిందని నేను ఇప్పటికీ అనలేను. ఆ క్షణాన నిజమే చెప్పిందేమో. దేదీప్య కళ్ళు నిండాయి. జయంతి ఆమె మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.

లోపల తేజేశ్వర్ లాయరు లేచి నిలబడి ధారాళంగా మాట్లాడాడు. నాయనమ్మ వయసు, సంప్రదాయం, తిరుగు టికెట్టు, తేజేశ్వర్ ఉద్యోగం, అన్నీ. మాట్లాడినంతసేపూ జయంతి మా ఇంటి గడప దాటని కొత్త కోడలిలా తల వంచుకుని కూర్చుంది. వెనక బెంచీలో నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లాయరుకైతే నోరు, మా ఆవిడకి మూతికి చిక్కం. చదువు చదివే, పరీక్షలు రాసే, చివరికి పక్క కుర్చీ.

కమిషనర్ పెద్దావిడ, మంచి మనిషిలాగే ఉంది. కాగితాలు చదివినట్టుంది. కళ్ళద్దాలు తీసి దేదీప్య వైపే తిరిగింది. "మీరు రాసిన జవాబులో ప్రయాణానికి ఒప్పుకోనని ఉంది. అది మీ నోటి నుంచి వినాలని ఉంది. మీ అమ్మాయి ఈ ప్రయాణం చేయడానికి మీరు ఒప్పుకుంటున్నారా?"

దేదీప్య లేచింది. నోరు తెరిచింది. అప్పుడు ఎందుకో వెనక్కి తిరిగింది.

నాకు రెండు వరసల ముందు అత్తగారు కూర్చుని ఉంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఏం అడుగుతున్నారో తెలియదు. కోడలు తన వైపు చూసిందని మాత్రం తెలిసింది. రెండు చేతులూ జోడించింది.

"యెస్" అంది దేదీప్య. "ఐ అగ్రీ."

జయంతి చటుక్కున పక్కకి వంగింది. దేదీప్య చెవి దగ్గర ఏదో అంది. దేదీప్య తల అడ్డంగా ఊపింది.

"ఎవరైనా మీ మీద ఒత్తిడి తెచ్చారా?" అంది కమిషనర్.

"నో, యువర్ ఆనర్. దే ఆర్ గుడ్ పీపుల్."

జయంతి తలెత్తి కమిషనర్ మొహంలోకే చూసింది. అడుగు, నన్నడుగు అని ఒళ్ళంతా అంటోంది. పెదవులు కదిలాయి కూడా. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆవిడ అంతగా ఎవరినీ ఏదీ అడగడం నేను చూడలేదు. కమిషనర్ కళ్ళద్దాలు పెట్టుకుని రాసుకోవడం మొదలుపెట్టింది. తిరిగి రావలసిన తేదీ, పాస్‌పోర్టు తిరిగి అప్పగించడం, వీడియో కాల్స్, అన్నీ శ్రద్ధగానే రాసింది. ఆవిడ తప్పేముంది? అడగవలసిన మనిషిని అడిగింది. ఆ మనిషి అవునంది.

తిరుగు ప్రయాణంలో సరస్సు మీది వంతెన ఎక్కేదాకా ఓర్చుకున్నాను. నాకు మౌనం పడదు. ఏదో ఒకటి అనాలని, "పోనీలేమ్మా, ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అన్నారు" అనేశాను. అన్నాక తెలిసింది ఏమన్నానో. అద్దంలో దేదీప్య కిటికీ వైపు తిరిగిపోయింది. జయంతి నా వైపు చూడనైనా చూడలేదు.

ఇంటికొచ్చాక జయంతి చెప్పింది, "ఇంకా గడువుంది. మళ్ళీ ఆలోచించమని కోర్టుకి రాయవచ్చు."

"వద్దాంటీ. ఆమె చేతులు జోడిచ్చింది. ఒక్కపొద్దుంది. నేను ఎట్ల కాదంట చెప్పుండ్రి? మొక్కు నాదాయె."

ఆ సాయంత్రమే మొదటిసారి విన్నాను. వంటింట్లో కుళాయి ధారగా పోతోంది. దాని కింద సన్నగా జయంతి గొంతు. ఫోన్లో ఎవరితోనో అనుకున్నాను. వెళ్ళి చూస్తే ఫోను హాల్లో చార్జింగ్‌లో ఉంది. ఆవిడ కిటికీలోకి చూస్తూ, కడిగిన గిన్నెనే కడుగుతూ, ఇంగ్లీషులో ఏదో అంటోంది. యువర్ ఆనర్ అన్న మాట ఒక్కటే తెలిసింది. నన్ను చూసి ఆపేసింది.

"ఎవరితో?"

"ఎవరితోనూ కాదు. పప్పు పొంగుతోంది చూడండి."

పొయ్యి మీద పప్పే లేదు.

ఆగస్టులో పాప వెళ్ళిపోయింది. వెళ్ళేముందు తల్లితో మా ఇంటికి వచ్చింది. బెర్రీలు అయిపోవచ్చాయి, ముడుచుకున్నవే మిగిలాయి. అయినా అప్ అంది. ఎత్తుకున్నాను. పై కొమ్మన ఒకటి దొరికితే తను తినకుండా నా నోట్లో పెట్టింది. పుల్లగా ఉంది. బాగుందని చెప్పాను.

ఆ తర్వాత కొండల్లో అడవులంటుకుని పొగ వచ్చింది. ఏటా వచ్చేదే. ఆ ఏడు మాత్రం మా ఊరిమీదే తిష్ఠ వేసింది. సూర్యుడు కుంకుమబొట్టులా కనిపించేవాడు. తలుపులన్నీ మూసుకుని, గాలి శుభ్రం చేసే మెషీన్ పెట్టుకుని కూర్చునేవాళ్ళం. దాని హోరులో నాకు తాతా అని వినబడేది. ఒకటికి రెండుసార్లు లేచి పెరటి తలుపు తీశాను కూడా. పొగ లోపలికి వస్తుందని జయంతి కసరలేదు. ఆవిడ గొడవ ఆవిడది. కుళాయి తిప్పితే చాలు, మళ్ళీ ఆ గొణుగుడు. స్నానాలగదిలో, గిన్నెల దగ్గర, మొక్కలకి నీళ్ళు పెడుతూ. ఒకసారి వేగంగా, ఒకసారి ఆగి ఆగి, మాటలు మార్చి మార్చి చూసుకుంటున్నట్టు. నేను దగ్గరికి వెళితే ఆగిపోయేది. నిజం చెప్పొద్దూ, నాకు భయం వేసింది. సొంత ఇంట్లో మెల్లగా అడుగులేసి నడవడం మొదలుపెట్టాను.

ఒకరోజు దేదీప్య పరిగెత్తుకుంటూ వచ్చి ఫోన్ చూపించింది. గుండు మీద గంధం పూసుకుని నాయనమ్మ ఒళ్ళో హాసిని. చెవులు ఇంత పెద్దవని అప్పటిదాకా మాకు తెలియదు. "తీరింది ఆంటీ, మొక్కు తీరింది" అని దేదీప్య నవ్వుతూ ఏడ్చింది. జయంతి ఆమె తల నిమిరింది. "బంగారంలా ఉంది. తిరుగు టికెట్టు అదే తేదీకి ఉందో లేదో అడిగావా?"

"ఉందన్నరు."

ఆ తేదీకి ముగ్గురం ఎయిర్‌పోర్టుకి వెళ్ళాం. దేదీప్య కొత్త ఫ్రాకు, చిన్న టోపీ తెచ్చింది. గుండుకి చలి తగులుతుందని. మనుషులు బయటికి వస్తున్నారు. తోపుడుబండ్ల మీద కాళ్ళు వేలాడేస్తూ ఎవరెవరి పిల్లలో వస్తున్నారు. ప్రతి బండికీ దేదీప్య మునివేళ్ళ మీద లేచింది.

తేజేశ్వర్ వచ్చాడు. ఒక సూట్‌కేసు, భుజాన ఒక బ్యాగు. అంతే. అతని వెనక ఇంకా ఎవరైనా వస్తారేమోనని నేను చూశాను. అతని వెనక విమానం సిబ్బంది.

"జ్వరం వచ్చింది పాపకు. డాక్టర్ ప్రయాణం వద్దన్నడు. అమ్మ దసరాకు తీసుకొస్తది" అన్నాడు, నేల చూస్తూ. ఆ తర్వాత భార్య వైపు చూసి, చాలా మెత్తగా, "నువ్వన్న పో. ఆడ మంచిగుంది దానికి" అన్నాడు.

జయంతి ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయింది. అతనికి లాయరున్నాడు. లాయరున్న అవతలి మనిషితో కేసు గురించి ఆవిడ నేరుగా మాట్లాడకూడదు. అదో రూలు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. పళ్ళు బిగించి నిలబడిపోయింది. నాకే రూలూ లేదు.

"ఏమయ్యా, పిల్లని తెస్తానని కోర్టులో చెప్పి, చేతులూపుకుంటూ వచ్చావా? సిగ్గులేదూ? ఆ పిల్లకి జ్వరమైతే దాన్ని వదిలేసి నువ్వెలా ఎక్కావు విమానం?" అని అరిచాను. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. ఒక పోలీసాయన కూడా చూశాడు.

"అంకుల్, ప్లీజ్" అన్నాడు తేజేశ్వర్. బ్యాగులోంచి ఒక పొట్లం తీశాడు. విస్తరాకులో కట్టిన రాజన్న ప్రసాదం. రెండు చేతులతో దేదీప్యకి అందించాడు.

తీసుకోకమ్మా, మొహాన కొట్టు అని నేను అనుకుంటూనే ఉన్నాను. దేదీప్య టోపీ, ఫ్రాకు చంకలో ఇరికించుకుంది. రెండు చేతులూ చాపి పొట్లం అందుకుంది. కళ్ళకద్దుకుంది. విప్పి, ఒక పలుకు నోట్లో వేసుకుని, మిగతాది మా ఇద్దరికీ పెట్టింది. ప్రసాదం కాదనకూడదు కదా. తిన్నాం.

ఆ వారమే జయంతి కోర్టుధిక్కారం కాగితాలన్నీ తయారుచేసింది. సంతకం ఒక్కటే తరువాయి. దేదీప్య పెన్ను పట్టుకుని కూర్చుంది.

"ఈయన్ని లోపలేస్తే పాప వస్తదా ఆంటీ?"

"ఖాయంగా వస్తుందని చెప్పలేను. భయపడి తెప్పించవచ్చు."

"తెప్పియ్యకపోతే? ఉద్యోగం పోతది. ఆయన వీసా మీదనే ఉన్న నేను. ఇద్దరం ఆడికే పోవాలె. అప్పుడు ఆ ఇంట్ల నన్ను ఎట్ల చూస్తరు?" పెన్ను మూత పెట్టేసింది. "నిన్న ఫోన్ల నాయనమ్మను అమ్మా అని పిల్చింది ఆంటీ. నన్ను చూసి దాక్కుంది."

జయంతి చెప్పవలసినవన్నీ చెప్పింది. ఇంకో దారి, దానికి ఇంకో దారి, ఉచితంగా చూసే లాయర్ల ఫోన్ నంబర్లు, తను కూడా వెంట వస్తానని. గొంతు ఎక్కడా పైకి లేవలేదు. దేదీప్య విని, వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

దసరాకి ముందే ఆమె ఇండియా వెళ్ళిపోయింది. తిరిగి ఆ ఇంటికే, అత్తగారి దగ్గరికే. కేసు తనే వెనక్కి తీసుకుంది. మొదట్లో ఫోన్ చేసేది, "మంచిగున్నం ఆంటీ" అని. వెనకాల ఎవరో ఒకరు మసులుతున్న చప్పుడు. తర్వాత ఫోన్లు లేవు. వాళ్ళ పాస్‌పోర్టులు మళ్ళీ ఎవరి తాళం కింద ఉన్నాయో నాకు తెలుసుకోవాలని లేదు.

నాకు కొత్త ఉద్యోగం దొరికింది. వానలు మొదలై పొగ పోయింది. జయంతి కొత్త క్లయింట్లని తీసుకోవడం మానేసింది. అడిగితే, ఓపిక లేదంది. కుళాయి దగ్గర మాటలు మాత్రం మానలేదు. నేను వర్క్ ఫ్రం హోం అని మేడమీద కూర్చుంటే కింద నీళ్ళ చప్పుడు, దాని అడుగున ఆ గొంతు. ఎన్ని నెలలు వినగలను? మనిషిని కదా. ఒక మధ్యాహ్నం మీటింగ్ మధ్యలో హెడ్‌ఫోన్స్ తీసి అక్కడ పడేసి కిందికి దిగాను. ఆవిడ పక్క నుంచి చెయ్యి పోనిచ్చి కుళాయి కట్టేశాను.

"జయంతీ, నేనడుగుతున్నాను. ఆ రోజు నిన్నడిగి ఉంటే ఏం చెప్పేదానివి?"

తలెత్తి నా మొహంలోకి చూసింది. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను.

"ఇప్పుడా అడిగేది?" అంది.

తప్పయిపోయింది, పోనీలే అందామనుకున్నాను. ఈలోగా ఆవిడ తడిచేతులు కొంగుకి తుడుచుకుంది. కిటికీ వైపు తిరిగి నిటారుగా నిలబడింది. ఇన్నాళ్ళూ ఇంగ్లీషులో గొణిగినది ఇప్పుడు తెలుగులో, మెల్లగా, ఒక్కొక్క మాటే అంది.

"అమ్మా, ఆ పిల్ల అవునన్నది మీతో కాదు. వెనక కూర్చున్న అత్తగారితో. మీ ప్రశ్నకి తను ఇంకా జవాబు చెప్పలేదు. ఆవిణ్ణి ఒక్క నిమిషం బయట కూర్చోబెట్టి, దయచేసి ఇంకొక్కసారి అడగండి."

చెప్పి, మళ్ళీ కుళాయి తిప్పింది.